తాబేలు గుడ్లను కోడి ఎందుకు పొదగలేకపోయింది?

నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో, 1983 ఫిబ్రవరిలో జరిగిన సంగతి ఇది. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు గ్రామం. ఒకనాటి ఉదయం నేనూ, నా స్నేహితుడూ ఒడ్డుకు వెళ్ళేసరికి ఇసుకలో ట్రాక్టరు చక్రం దొర్లినట్టు ఒక జాడ కనిపించింది. నీళ్ళలోంచి బయలుదేరి, మెరక మీదికి వెళ్ళి, మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయింది. రాత్రి తాబేలు వచ్చి గుడ్లు పెట్టిన జాడ అది. తవ్వాం. మోచేతి లోతున తెల్లగా, గుండ్రంగా, టేబుల్ టెన్నిస్ బంతుల్లా గుట్టగా ఉన్నాయి గుడ్లు. పన్నెండు తీసుకుని పుస్తకాల సంచిలో వేసుకున్నాం. గుంతను తిరిగి సరిగ్గా పూడ్చామో లేదో ఇప్పుడు గుర్తు లేదు. పూడ్చి ఉండమనే నా అనుమానం.

ఇంట్లో మా మామ్మ నాటుకోడిని పొదుగు పెట్టింది. గంపలో కోడిగుడ్లు తొమ్మిదే ఉన్నాయి గదా, ఇంకా చోటుందని ఈ పన్నెండూ దాని కింద చేర్చాం. ఇరవై ఒకటో రోజున కోడిపిల్లలు బయటికి వచ్చాయి. తాబేలు గుడ్లు కదల్లేదు. తల్లికోడి తన పిల్లలను వెంటేసుకుని దొడ్లోకి పోయింది. మేం పట్టు వదలక ఆ గుడ్లను గడ్డిలో చుట్టి అటక మీద దాచాం. యాభయ్యో రోజున తీసి చూస్తే అన్నీ సొట్టలు పడి, ముడుచుకుపోయి ఉన్నాయి. ఒకటి చిదిమితే వచ్చిన కంపుకు మామ్మ మమ్మల్ని ఇంట్లోంచి తరిమింది. "సముద్రం బిడ్డను తెచ్చి కోడి కింద పెడితే బతుకుతుందట్రా?" అంది.

మేం చేసింది చట్టరీత్యా నేరం కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో సముద్రపు తాబేళ్ళను 1977లోనే చేర్చారు. ఆ జాబితాలోని జంతువులకు పులికి ఉన్నంత రక్షణ ఉంటుంది. వాటి గుడ్లను ముట్టుకోరాదు. ఆ సంగతి మాకు తెలియదు. మీకు ఇప్పుడు తెలిసింది.

పెద్దయ్యాక జీవశాస్త్రం చదువుకున్నప్పుడు ఆ పన్నెండు గుడ్లూ నాకు మాటిమాటికీ జ్ఞాపకం వచ్చేవి. కోడి వాటిని ఎందుకు పొదగలేకపోయింది? మేం చేసిన పొరపాటు ఒకటి కాదు, మూడు. వాటిలో ఏ ఒక్కటైనా ఆ పిండాలను చంపటానికి చాలు. ఆ మూడింటినీ అర్థం చేసుకుంటే సరీసృపాల గుడ్డు ఎలాంటిదో చాలావరకు అర్థమవుతుంది.

రెండు గుడ్లు, రెండు తీర్లు

కోడిగుడ్డును పళ్ళెంలో పగలగొట్టి చూడండి. పచ్చసొనకు రెండు పక్కలా తెల్లగా, మెలితిరిగిన దారాల వంటివి కనిపిస్తాయి. ఇవి పచ్చసొనను గుడ్డు నడుమ ఉయ్యాలలో ఉంచినట్టు నిలబెడతాయి. గుడ్డును ఎటు తిప్పినా పచ్చసొన లోపల తిరిగి, పిండం ఉన్న వైపు మళ్ళీ పైకే వస్తుంది. తల్లికోడి రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లను దొర్లిస్తూ ఉండటం మీరు చూసే ఉంటారు. అలా దొర్లించకపోతే పిండం పెంకు పొరలకు అంటుకుపోయి చెడిపోతుంది. కోళ్ళ హేచరీలలో యంత్రాలు ట్రేలను గంటగంటకూ అటూ ఇటూ వంచేది అందుకే.

తాబేలు గుడ్డులో ఈ దారాలు లేవు. మొసలి గుడ్డులోనూ, పాము గుడ్డులోనూ లేవు. వీటిలో పిండం పెంకుకు అంటుకోవటమే పద్ధతి. గుడ్డు ఇసుకలో పడిన కొద్ది గంటలకే పిండం పచ్చసొన పైభాగానికి చేరుతుంది. దానిమీది పొర పెంకు లోపలి పొరను పట్టుకుంటుంది. అలా పట్టుకున్న చోట పెంకు సున్నం వేసినట్టు తెల్లబడుతుంది. ఈ తెల్లని మచ్చ రోజురోజుకూ పెద్దదవుతుంది. మొసలి గుడ్డులోనైతే అది పట్టీలా గుడ్డు నడుమ చుట్టూ వ్యాపిస్తుంది. హేచరీలో పనిచేసేవారు ఆ పట్టీని చూసి గుడ్డు బతికి ఉందని గుర్తుపడతారు. పట్టీ పడని గుడ్డుపై ఆశ పెట్టుకోరు.

పిండం అలా పైన అతుక్కున్న తరువాత గుడ్డును తలకిందులు చేస్తే ఏమవుతుంది? బరువైన పచ్చసొన మీదికి వచ్చి పిండాన్ని అణుస్తుంది. అప్పుడే అల్లుకుంటున్న లేత రక్తనాళాలు తెగుతాయి. పిండం చనిపోతుంది. పైకి మాత్రం గుడ్డు మునుపటిలాగే కనిపిస్తుంది. మేం ఉదయం వెళ్ళేసరికి ఆ గుడ్లు పెట్టి గంటలు గడిచి ఉంటాయి. వాటిని సంచిలో ఎగరేసుకుంటూ తెచ్చాం. ఇక కోడి రోజూ తన ధర్మం ప్రకారం వాటిని దొర్లించింది. తన గుడ్లకు ప్రాణం పోసిన పనే పక్కనున్న గుడ్లకు ప్రాణం తీసింది.

ఇక్కడ ఒక చిత్రమైన విషయం చెప్పాలి. తాబేలు గుడ్డు తల్లి కడుపులో ఉండగానే పిండం కొంత దూరం పెరిగి ఆగిపోతుంది. గుడ్లు పెట్టటానికి వీలైన రాత్రి దొరికేవరకు తల్లి కొన్ని రోజులు, అవసరమైతే వారాలు కూడా ఆగగలదు, పిండాలూ ఆగుతాయి. అండవాహికలో ప్రాణవాయువు బహు తక్కువగా ఉండటమే ఈ నిలుపుదలకు కారణం. గుడ్డు బయటపడి గాలి తగలగానే పెరుగుదల తిరిగి మొదలవుతుంది. అంటే, గుడ్డు పెట్టిన క్షణం నుంచి గడియారం నడవటం మొదలుపెడుతుంది. ఆ మొదటి కొద్ది గంటలలో గుడ్లను జాగ్రత్తగా మరోచోటికి మార్చవచ్చు. అది దాటితే సుమారు మూడు వారాల పైబడి వాటిని కదపటం ప్రమాదం. తాబేలు హేచరీలవారు రాత్రంతా ఒడ్డున నడిచేది ఈ గడియారంతో పందెం వేసుకునే.

వేడి సంగతి

రెండో పొరపాటు వేడి. కోడి కింద గుడ్డు సుమారు 37, 38 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉంటుంది. మన ఒడ్డుకు వచ్చే సముద్రపు తాబేలును ఆలివ్ రిడ్లీ అంటారు. దీని గుడ్లకు కావలసిన వేడి 30 డిగ్రీలకు అటూ ఇటూ. 25 కంటే తగ్గినా, 34, 35 దాటి చాలాసేపు ఉన్నా పిండాలు బతకవు. కాబట్టి మా పన్నెండు గుడ్లూ ఏ కుదుపూ లేకుండా కోడి కిందికి చేరి ఉన్నా, ఆ వెచ్చదనంలో ఉడికిపోయేవే.

సరీసృపాలలో చాలావరకు తమ గుడ్లను తాము పొదగవు. ఇసుకకో, మట్టికో, కుళ్ళుతున్న ఆకులకో ఆ పని అప్పగించి పోతాయి. కొండచిలువ మాత్రం గుడ్ల చుట్టూ చుట్టుకుని పడుకుని, కండరాలను వణికిస్తూ వేడి పుట్టిస్తుంది. తూర్పు కనుమల అడవులలో ఉండే రాచనాగు ఎండుటాకులను కుప్పగా పోగుచేసి గూడు కట్టి, దానిమీద కాపలా ఉంటుంది. పాములలో ఇలా గూడు కట్టేది ఇదొక్కటే. రక్తపింజరికి ఈ బాధే లేదు; అది నేరుగా పిల్లలనే కంటుంది.

వేడి వల్ల పిండం బతకటం, చావటం మాత్రమే కాదు, మరొకటి కూడా నిర్ణయమవుతుంది. మనలో ఆడ, మగ అనేది క్రోమోజోములను బట్టి తేలుతుందని పదో తరగతి పుస్తకంలో చదువుతారు. తాబేళ్ళలో చాలావాటికీ, మొసళ్ళన్నిటికీ అలా కాదు. 1966లో మదలిన్ షార్నియే అనే శాస్త్రజ్ఞురాలు ఆఫ్రికాలోని డకార్ నగరంలో అగామా అనే తొండ గుడ్లను వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర పొదిగించి, వేడిని బట్టి ఆడపిల్లలో మగపిల్లలో పుడుతున్నాయని మొదటిసారి ప్రకటించారు. చాలాకాలం ఆ సంగతిని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. తరువాత తాబేళ్ళ మీద జరిగిన ప్రయోగాలతో అది నిజమని రుజువైంది.

ఆలివ్ రిడ్లీ తాబేలులో సుమారు 29, 30 డిగ్రీల దగ్గర ఆడా మగా సమానంగా పుడతాయి. ఇసుక అంతకంటే వెచ్చగా ఉంటే ఆడవి ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. పొదిగే కాలాన్ని మూడు భాగాలు చేస్తే, నడిమి భాగంలోని వేడే దీన్ని తేలుస్తుంది. మన మొసలి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మద్రాసు దగ్గర 1976లో రోములస్ విటేకర్ స్థాపించిన మొసళ్ళ బ్యాంకులో జరిగిన ప్రయోగాలలో 31 డిగ్రీల లోపు అన్నీ ఆడపిల్లలే వచ్చాయి. 32.5 దగ్గర మగవి వచ్చాయి. ఇంకొంచెం వేడెక్కితే మళ్ళీ ఆడవి కనిపించటం మొదలైంది. ఒకటిన్నర డిగ్రీ తేడా! జ్వరం చూసే థర్మామీటరులో అదెంతో చూసుకోండి.

భూమి వేడెక్కుతున్నదని వింటున్న ఈ రోజుల్లో ఇది ఊరికే వింత సమాచారం కాదు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలోని పచ్చతాబేళ్ళను పరీక్షించి 2018లో వెలువరించిన ఫలితాలలో, లేత వయసు తాబేళ్ళలో నూటికి 99కి పైగా ఆడవేనని తేలింది. మన హేచరీలలో కూడా మార్చి, ఏప్రిల్ ఎండల్లో కొబ్బరి మట్టల పందిరో, పచ్చ వలో పైన కడుతున్నారంటే గుడ్లు ఉడికిపోకుండా చూడటం ఒక్కటే దాని ఉద్దేశం కాదు. అయితే నీడ మరీ ఎక్కువైతే అన్నీ మగవే కావచ్చు, పొదిగే రోజులూ పెరుగుతాయి. అందుకే గుడ్ల లోతున థర్మామీటరు ఉంచి, చూసుకుంటూ నీడ వేయటం, తీయటం మంచిది. కళ్ళు మూసుకుని పందిరి వేసేవారిని చూస్తే నాకు పరీక్ష చేయకుండానే ఫలితం రాసే విద్యార్థి గుర్తుకు వస్తాడు.

తడి, గాలి

మూడో పొరపాటు, మేం గుడ్లను పొడిగడ్డిలో పెట్టటం. కోడిగుడ్డుకు గట్టి సున్నపు పెంకు ఉంది; బల్లి గుడ్డుకూ, మొసలి గుడ్డుకూ ఉంది. సముద్రపు తాబేలు గుడ్డు పెంకు మాత్రం పలచని తోలు వంటిది. నొక్కితే సొట్ట పడుతుంది, వదిలితే లేస్తుంది. అప్పుడే పెట్టిన గుడ్డుకు సహజంగానే చిన్న సొట్ట ఉంటుంది. తరువాత అది తడి ఇసుకలోంచి నీటిని పీల్చుకుని బిగుతుగా అవుతుంది. పొడిచోట పెడితే ఉన్న నీరే బయటికి పోయి కుదించుకుపోతుంది. అటక మీద మేం చూసిన ముడతలు అవే.

అలాగని నీళ్ళు పోస్తే బాగుంటుందా? బాగుండదు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. గుడ్డు ఊపిరి పీలుస్తుంది. పెంకుకున్న సన్నని రంధ్రాల గుండా ప్రాణవాయువు లోపలికి, బొగ్గుపులుసు వాయువు బయటికి పోతూ ఉంటాయి. పిండం చుట్టూ ఉల్బం అనే నీటిసంచి ఉంటుంది. అళిందం అనే మరో సంచి పెంకును ఆనుకుని వ్యాపించి, పిండానికి ఊపిరితిత్తిగా పనిచేస్తుంది. ఇసుక రేణువుల మధ్య సందులన్నీ నీటితో నిండితే ఆ దారి మూసుకుపోతుంది. నూరు పైచిలుకు గుడ్లు ఒకేచోట ఊపిరి పీలుస్తున్నాయని మరచిపోకండి. పొదిగే చివరి రోజుల్లో పిండాలు పెద్దవై ఉంటాయి. వాటికి గాలి అవసరం అప్పుడే ఎక్కువ. సరిగ్గా ఆ రోజుల్లో పెద్ద వాన పడి నీరు నిలిస్తే, లేదా పోటు నీరు గూటి మీదికి వస్తే, మొదటి వారంలో అదే నీటిని తట్టుకోగలిగిన గూడు ఇప్పుడు ఊపిరాడక చస్తుంది.

అన్ని పిండాలు కలిసి పెరుగుతున్నప్పుడు వాటి జీవక్రియ వల్ల వేడి కూడా పుడుతుంది. చివరి వారాలలో గూటి నడుమ వేడి పక్కనున్న ఇసుక కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉండవచ్చు. కాబట్టి హేచరీలో పక్కన ఖాళీ ఇసుకలో పెట్టిన థర్మామీటరు 33 చూపిస్తుంటే, గూటిలో అంతే ఉందని నిబ్బరంగా కూర్చోకూడదు.

హేచరీలో ఏం చేస్తారు?

ఆలివ్ రిడ్లీలు వేలాదిగా ఒకేసారి గుడ్లు పెట్టే చోట్లు మనకు పొరుగున ఒడిశాలో ఉన్నాయి. గహిర్‌మాత సంగతి శాస్త్రలోకానికి 1974లో తెలిసింది, ఋషికుల్య నది ముఖద్వారం సంగతి 1994లో. ఆంధ్ర తీరంలో అవి ఒక్కొక్కటిగా వచ్చి గుడ్లు పెట్టిపోతాయి. ఒంటరి గూటిని కుక్కలు, నక్కలు, అడవి పందులు, పీతలు తేలికగా పసిగడతాయి. అందువల్ల ప్రమాదమున్న చోట గుడ్లను కంచె వేసిన హేచరీకి మారుస్తారు. ఇది అటవీశాఖ అనుమతితో, శిక్షణ పొందినవారు చేసే పని.

గుడ్లను చేతితో ఒక్కొక్కటిగా తీసి, పైభాగం పైకే ఉండేలా, కుదుపు లేకుండా తీసుకుపోతారు. తల్లి తవ్వే గూడు కూజా ఆకారంలో ఉంటుంది: మెడ సన్నం, అడుగు వెడల్పు, లోతు సుమారు 45 సెంటీమీటర్లు. హేచరీలో గుంతను అదే ఆకారంలో, అదే లోతున తవ్వాలి. అసలు గూటిలోని తడి ఇసుక కొంత తెచ్చి వేస్తారు. గూటికీ గూటికీ మధ్య ఎడం ఉంచుతారు. లేకపోతే ఒకదాని వేడి మరొకదానికి తగులుతుంది, బూజు ఒకదాన్నుంచి మరొకదానికి పాకుతుంది. ప్రతి గూటికి ఒక పలక, దానిమీద తేదీ, గుడ్ల సంఖ్య.

బూజు సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తాబేలు గూళ్ళలో తరచు కనిపిస్తుంది. ఏదో ఒక చచ్చిన గుడ్డు మీద మొదలై పక్క గుడ్లను చుట్టుకుంటుంది. గూటిని మధ్యలో తవ్వి చెడిన గుడ్లు ఏరేద్దామంటే, పైన చెప్పిన కారణంగా మంచి గుడ్లూ పోతాయి. అందువల్ల మందు కంటే ముందు జాగ్రత్తే మేలు. పోయిన సంవత్సరం పిల్లలు పుట్టిన ఇసుకలో పెంకులు, కుళ్ళిన గుడ్ల రసం ఉంటాయి. ఏటా హేచరీ చోటు మార్చటమో, ఇసుక మార్చటమో తప్పనిసరి. మొసలి గుడ్ల హేచరీలలో వీలు వేరు. అక్కడ గుడ్లను వేర్వేరుగా పేర్చవచ్చు గనుక చెడినదాన్ని పక్కవాటిని కదపకుండా తీసేయవచ్చు. మన దేశంలో 1975లో మొదలైన మొసళ్ళ రక్షణ పథకంలో నదుల ఒడ్డున సేకరించిన గుడ్లను ఇలాగే పొదిగించి, పిల్లలను మీటరు పైచిలుకు పొడవు వచ్చేవరకు పెంచి నదులలో వదిలారు. ఒడిశాలోని టికర్‌పడా అప్పట్లో ఆ పనికి పేరుపొందింది. హైదరాబాదులో ఆ పనివారికి శిక్షణ ఇచ్చే సంస్థ నడిచింది.

సుమారు 45 నుంచి 60 రోజులకు తాబేలు పిల్లలు ముక్కు చివర ఉన్న చిన్న ముల్లు వంటి కొనతో పెంకును చీలుస్తాయి. చీల్చిన వెంటనే బయటికి రావు. పొట్ట కింద ఇంకా మిగిలిన పచ్చసొన సంచి లోపలికి పోవాలి, వంగిన డిప్ప చాపుకోవాలి. దానికి సమయం పడుతుంది. ఈ దశలో జాలిపడి పెంకు చించి పిల్లను లాగేవారు దాన్ని చంపుతున్నట్టే. సొనసంచి చిరిగి రక్తం పోతుంది. ఆ తరువాత పిల్లలన్నీ కలిసి కాళ్ళతో ఇసుకను కిందికి తోస్తూ, రెండు మూడు రోజులపాటు పైకి ఎక్కుతాయి. పైన ఇసుక వేడిగా తగిలితే ఆగుతాయి. చల్లబడ్డాక, అంటే రాత్రివేళ, ఒక్కుమ్మడిగా బయటపడతాయి.

మొసలిపిల్లలు అలా కాదు. గుడ్డులో ఉండగానే కూస్తాయి. ఆ కూత విని తల్లి వచ్చి గూడు తవ్వుతుంది. హేచరీలో తల్లి ఉండదు కాబట్టి మనుషులే చెవి ఒగ్గి విని, ఇసుక తీయాలి. ఒక జంతువు విషయంలో చేయవలసిన సాయమే మరొకదాని విషయంలో చేయకూడనిది!

పుట్టిన తాబేలు పిల్లలకు ఒకటి రెండు రోజులకు సరిపడే హుషారు ఉంటుంది. ఆ బలంతోనే అవి అలలు దాటి లోతుకు ఈదాలి. ఉదయం అధికారులు వస్తారనో, ఫొటోలు తీయాలనో వాటిని తొట్లలో ఉంచితే ఆ బలం తొట్టి గోడల మీదే ఖర్చయిపోతుంది. చీకట్లో సముద్రం మీది వెలుతురును చూసి దారి పట్టే జీవులవి. ఒడ్డున కరెంటు దీపాలుంటే అటే పోతాయి.

చనిపోయిన గుడ్లు చెప్పే సాక్ష్యం

పిల్లలు వెళ్ళిపోయాక గూటిని తవ్వి లెక్క చూస్తారు. చాలామందికి ఇది అసహ్యమైన పని. కాని హేచరీలో నేర్చుకోవలసిందంతా ఇక్కడే ఉంది. ఖాళీ పెంకులను ఒక పక్క, పొదగని గుడ్లను మరో పక్క పెట్టి, పొదగనివాటిని విప్పి చూస్తారు. నేను ఊహించి రాసిన ఈ లెక్క చూడండి.

మొదటి గూడు: గుడ్లు 112. ఖాళీ పెంకులు 91. పొదిగిన శాతం 91ని 100తో గుణించి 112తో భాగిస్తే 81.25. మిగిలిన 21లో పిండం జాడ కనిపించనివి 9, చిన్న పిండంగా ఉండగా పోయినవి 3, పూర్తిగా పెరిగి పోయినవి 7, పెంకు చీల్చాక పోయినవి 2.

రెండో గూడు: గుడ్లు 118. ఖాళీ పెంకులు 40, అంటే సుమారు 33.9 శాతం. మిగిలిన 78లో జాడ లేనివి 6, చిన్న పిండాలు 60, పెద్దవి 12.

మొదటి గూడు ఫరవాలేదు. రెండోదానిలో ఏం జరిగింది? అరవై పిండాలు ఇంచుమించు ఒకే వయసులో, అదీ మొదటి రోజుల్లోనే ఆగిపోయాయి. వాన పడితేనో, ఎండ ముదిరితేనో పెద్ద పిండాలే ఎక్కువగా పోతాయి. కాబట్టి ముందుగా అనుమానించవలసింది మోసుకొచ్చిన చేతులను. ఆలస్యంగా తెచ్చారా? సంచి వేలాడేసుకుని నడిచారా? సైకిలు మీద తెచ్చారా? పుస్తకంలో ఆ రాత్రి ఎవరు, ఎన్ని గంటలకు తెచ్చారో రాసి ఉంటే జవాబు దొరుకుతుంది. రాసి లేకపోతే వచ్చే సంవత్సరం మరో అరవై పోతాయి.

ఇంకో హెచ్చరిక. పిండం జాడ కనిపించనంత మాత్రాన ఆ గుడ్డు ఫలదీకరణం చెందలేదని రాసేయకూడదు. ఫలదీకరణం చెంది, కంటికి కనిపించేంత పెరగకముందే పోయి ఉండవచ్చు. మా పన్నెండు గుడ్లలో ఒకటి చిదిమి, లోపల ఏమీ లేదని చూసి, తాబేలు గొడ్డు గుడ్లు పెట్టిందని మేం తీర్పు చెప్పాం. తప్పు తాబేలుది కాదు.

మీరు చేయగల ప్రయోగం

గుడ్లు లేకుండానే గూటిని తెలుసుకునే మార్గం ఒకటి ఉంది. బడి ఆవరణలో ఎండ తగిలేచోట గుంత తవ్వించి ఇసుక నింపండి. 10 సెంటీమీటర్ల లోతుకు ఒకటి, 45 సెంటీమీటర్ల లోతుకు ఒకటి చొప్పున సన్నని ప్లాస్టిక్ గొట్టాలు నిలబెట్టండి. పై మూతులకు గుడ్డ కుక్కండి. ప్రయోగశాలలోని స్పిరిటు థర్మామీటర్లు రెండింటికి దారం కట్టి లోపలికి దించండి. పైకి తీసేలోగా అంకె మారిపోతుంది గదా? అలా మారకుండా థర్మామీటరు బుడ్డి చుట్టూ కరిగించిన కొవ్వొత్తి మైనం మందంగా పూయండి, కొంచెం చల్లారిన తరువాతే సుమా. మైనం వేడిని నెమ్మదిగా అందుకుని నెమ్మదిగా వదులుతుంది, కాబట్టి తాపీగా చదువుకోవచ్చు.

ఉదయం 6కు, మధ్యాహ్నం 2కు, రాత్రి 9కి వారం రోజులు రాయండి. రాత్రి చదవటానికి బడి పక్కనే ఇల్లున్నవారు ఉపయోగపడతారు. పై థర్మామీటరు పగటికీ రాత్రికీ ఎన్ని డిగ్రీలు ఊగుతుందో, కిందిది ఎంత కదలకుండా ఉంటుందో చూస్తే, ఒక పెద్ద తాబేలు అంత అవస్థపడి వెనక కాళ్ళతో మోచేతి లోతు ఎందుకు తవ్వుతుందో మీకే తెలుస్తుంది. రెండో వారం ఆ చోట కొబ్బరి మట్టల నీడ వేయండి. 45 సెంటీమీటర్ల లోతున వేడి తగ్గటానికి ఎన్ని రోజులు పట్టింది? ఎంత తగ్గింది? మూడో వారం రెండు బిందెల నీళ్ళు పోసి చూడండి.

తొలకరి వానలప్పుడు పెరట్లో తొండ నేలను గీకి, గుంత చేసి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి, తలతో అదిమి పోవటం కొందరు చూస్తారు. అక్కడ ఒక పుల్ల గుచ్చి తేదీ రాసుకోండి. తవ్వకండి. కోళ్ళు గీకకుండా పైన గంప బోర్లించి, రాయి పెట్టండి. పిల్లలు బయటికి దూరటానికి గంపకు సందులుండాలి. ఎన్నో రోజుకు పిల్లలు వచ్చాయో, ఆ రోజుల్లో ఎన్ని వానలు పడ్డాయో రాసి పెట్టుకోండి. సముద్రపు ఒడ్డున ఉండేవారికి ట్రాక్టరు చక్రం వంటి జాడ కనిపిస్తే ఇసుక కదపకుండా, జాడను తొక్కకుండా, అటవీశాఖవారికి గాని, హేచరీ నడిపేవారికి గాని ఆ ఉదయమే కబురు పంపండి. గుడ్లు పెట్టి ఎన్ని గంటలైందో అంచనా వేయటానికి వారికి ఆ జాడే ఆధారం.